తిరిగే చక్రంలో బరువు

భూమి మీద మనిషి ఎముకలు, కండరాలు అతని బరువును మోస్తూ మోస్తూనే తమ బలాన్ని నిలుపుకుంటాయి. ఆ మోత తప్పిన భారరహిత స్థితిలో తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా క్షీణిస్తుంది. 1970లో సోయుజ్-9 నౌకలో దాదాపు 18 రోజులు గడిపి దిగిన సోవియట్ వ్యోమగాములు నికొలాయెవ్, సెవస్త్యానొవ్‌లు ఇతరుల ఆసరా లేకుండా నిలబడలేకపోయినప్పుడు ఈ నష్టం లోకానికి స్పష్టంగా తెలిసింది గానీ, కోల్పోయిన బరువును తిరిగి పుట్టించే కృత్రిమ గురుత్వం అనే ఆలోచన అప్పటికే పాతది.

నీళ్ల చెంబును గిరగిర తిప్పితే అది తలకిందులైనా నీరు ఒలకనట్లే, తిరిగే గదిలోని మనిషి వెలుపలి గోడకు అదుముకుని దానినే నేలగా అనుభవిస్తాడని రష్యన్ ఉపాధ్యాయుడు సియోల్కోవ్‌స్కీ 19వ శతాబ్దంలోనే గ్రహించాడు. ఇంజనీరు పొటోచ్నిక్ 1928లో వెలువడిన గ్రంథంలో 30 మీటర్ల వ్యాసంగల నివాస చక్రాన్ని గీసి చూపగా, రాకెట్ ఇంజనీరు వాన్ బ్రౌన్ 1952లో దానిని 76 మీటర్లకు పెంచి అమెరికన్ పాఠకుల ముందుంచాడు.

ఈ చిత్రపటాలు లెక్కలోకి తీసుకోనిది లోపలి చెవి. శరీరపు సమతుల్యాన్ని కనిపెట్టే ఆ అవయవం, తిరుగుతున్న గదిలో తల పక్కకు తిప్పగానే తికమకపడి వికారాన్ని రేపుతుందని, 1950ల చివర నుంచి ఫ్లోరిడాలోని పెన్సకోలాలో వైద్యుడు గ్రేబీల్ బృందం తిరిగే గదిలో మనుషులను రోజుల తరబడి ఉంచి నిరూపించింది. వేగం తగ్గిస్తే వికారం తగ్గుతుంది, కానీ చక్రం పెరగాలి: నిమిషానికి రెండు చుట్లతో భూమి మీది బరువు రావాలంటే వ్యాసార్ధం సుమారు 224 మీటర్లుండాలి, నేటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మొత్తం పొడవే 109 మీటర్లు.

ఇక కక్ష్యలో చూస్తే, 1966 సెప్టెంబరులో అమెరికన్ వ్యోమగాములు కాన్రాడ్, గోర్డన్‌లు తమ నౌక జెమిని-11ను 30 మీటర్ల తాడుతో అజీనా రాకెట్‌కు కట్టి రెంటినీ కలిపి తిప్పినప్పుడు పుట్టిన బరువు ఎంత స్వల్పమంటే, నౌకలో వదిలిన కెమెరా వెనక్కి జరిగింది గానీ వారికి మాత్రం ఏమీ తెలియలేదు. పూర్తి బరువును కక్ష్యలో మొదట అనుభవించిన ప్రాణుల్లో ఎలుకలున్నాయి. 1977లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-936లో వాటిని సెంట్రిఫ్యూజ్‌లో, అంటే వేగంగా తిరిగే యంత్రంలో ఉంచగా, తిరగని ఎలుకల కంటే వాటి ఎముకలు మెరుగ్గా నిలిచాయి. ఇంతటి ఆశాజనక ఫలితం తరువాత అసలు ప్రశ్న ఎంత బరువు చాలునన్నదే, ఎందుకంటే అంగారకుడి మీద లభించేది భూమి బరువులో 38 శాతమే. దీనిని తేల్చేందుకు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కోసం జపాన్‌లో నిర్మించిన సెంట్రిఫ్యూజ్ విభాగాన్ని 2005లో ఖర్చుల పేరిట రద్దు చేయడం ఈ చరిత్రలో అత్యంత విచారకరమైన నిర్ణయం. నేటికీ వ్యోమగాములు రోజూ సుమారు రెండు గంటల వ్యాయామంతోనే ఎముకలను కాపాడుకుంటున్నారు.