సామర్లకోట బెరడు, ఓరుగల్లు ఆకు

1976 ఆగస్టు 19న ఓరుగల్లులో పుట్టిన కాకతీయ విశ్వవిద్యాలయానికి 2026 ఆగస్టు 19తో 50 ఏళ్లు. ఆ పేరు వింటే నాకు ముందు అక్కడి ప్రయోగశాలల్లోని ఆకుల వాసనే గుర్తొస్తుంది: నీడన ఆరబెట్టి దంచిన వేపాకు, వావిలాకు, వాటి మీద మెథనాల్ ఘాటు.

ఓరుగల్లు ఏలిన కాకతీయుల నాటి వైద్యానికి రాతి సాక్ష్యమే ఉంది. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) ఆరోగ్యశాలనూ ప్రసూతిశాలనూ పేర్కొంది. అక్కడ ఏ ఆకు నూరారో రాయి చెప్పదు. ఆ తర్వాత ఐదు శతాబ్దాలు ఆకు వైద్యం అమ్మమ్మల నోటా, నాటు వైద్యుల చేతా నడిచింది.

ఈ ఆకు వైద్యం కథలో నాకు ప్రాణమైన ఘట్టం సామర్లకోటది. 1780లలో అక్కడి తోటను చూసుకున్న స్కాట్లాండ్ వైద్యుడు విలియం రాక్స్‌బరో మన చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించాడు. వాటి తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. చేదూ వగరూ కలిసిన బెరడున్న ఒక చెట్టును మనవాళ్లు సోమిద అన్నారు. జ్వరాలకు దక్షిణ అమెరికా సింకోనా బెరడే దిక్కయిన రోజులవి. సోమిద దానికి సాటి రాగలదని రాక్స్‌బరో ఆశ. అందుకే జ్వరాన్ని తరిమేదన్న అర్థంలో ‘ఫెబ్రిఫ్యూగా’ అని పేరు పెట్టాడు. బెరడు ఎడిన్‌బరో చేరింది. 1794లో ఆండ్రూ డంకన్ వైద్య పట్టా కోసం దాని మీదే సిద్ధాంత వ్యాసం రాశాడు. 1820లో సింకోనా నుంచి క్వినైన్ విడదీశాక సోమిద వెనకబడింది. అయినా ఆ చెట్టు శాస్త్రీయ నామం నేటికీ ‘సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా’. అందులో మన మాట బతికే ఉంది! తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ఇక మన కాలపు ప్రయోగశాల. సాక్స్‌లెట్ పరికరంలో మెథనాల్‌ను మరిగించి, దాని ఆవిరి చల్లారి ఆకుపొడి మీద పడేలా చేసి సారం తీస్తారు. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కతో నల్లబడితే టానిన్లు, కుదిపితే నిలిచే నురగ వస్తే సాపోనిన్లు. బ్యాక్టీరియా పూసిన అగార్ పళ్లెంలో సారం అద్దిన కాగితపు బిళ్ల పెట్టి, 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతారు. తెల్లారి బిళ్ల చుట్టూ ఖాళీ వలయం కనిపిస్తే మిల్లీమీటర్లలో కొలుస్తారు. వలయం వచ్చినంత మాత్రాన మందు దొరికినట్టు కాదు. అగార్‌లో సరిగా పాకని పదార్థం బలమైనదైనా చిన్న వలయమే ఇస్తుంది. మనిషి ఒంట్లో అది పనిచేస్తుందా, విషమవుతుందా అన్నది పళ్లెం చెప్పదు.

నన్ను బాధించేది వేరే ఉంది. బాలింతకు వావిలాకు నీళ్లలో కాచి పోస్తారు. ప్రయోగశాల మెథనాల్‌తో సారం తీస్తుంది. ఆ రెండు సారాలూ ఒకటి కావు. అలాంటప్పుడు అమ్మమ్మ వైద్యాన్ని పరీక్షించామని ఎలా అంటాం?

పరిశోధక విద్యార్థులకు నా విన్నపం: మెథనాల్ సారం పక్కనే నీటి కషాయాన్నీ పెట్టండి. ఆకును ఆ ఊళ్లో ఏమంటారో, ఎలా కాస్తారో మీ వ్యాసంలో తెలుగు పేరుతో సహా రాయండి.