జొన్న నాము, ధాన్యపు అజీర్తి: పశువుల మేతలో పాటించవలసిన జాగ్రత్తలు

తొలకరి తరువాత బెట్ట ఏర్పడినప్పుడు, పంట కళ్లాలకు చేరే రోజులలోను పశువులు అకస్మాత్తుగా మరణిస్తే, దానిని వింత వ్యాధిగా ప్రకటించే ముందు అవి ఏమి మేసినదీ, ఎంత మేసినదీ విచారించవలసి ఉంటుంది. మంచి మేత సైతం దశ తప్పినా, మోతాదు మించినా ప్రాణాంతకమవుతుంది.

జొన్న నాము: లేత జొన్న పైరులోను, కోసిన మోళ్ల నుండి వచ్చే పిలకలలోను ధురిన్ అనే పదార్థం అధికంగా ఉంటుంది. పశువు నమిలినప్పుడు దీని నుండి హైడ్రోసయనిక్ ఆమ్లం వెలువడి, శరీర కణాలు ప్రాణవాయువును వినియోగించుకోకుండా అడ్డుకుంటుంది. బెట్టకు వాడిన పైరులోను, నత్రజని ఎరువు ఎక్కువైన పైరులోను ప్రమాదం హెచ్చు. ఆయాసం, వణుకు, తూలి పడిపోవడం దీని లక్షణాలు. తీవ్రమైతే నిమిషాలలోనే మరణం సంభవించవచ్చు. అందువల్ల పచ్చి జొన్నను పూత దశకు వచ్చిన పిదపనే కోసి మేపాలి. ఆకలిగొన్న పశువులను జొన్న మోళ్లలోకి తోలరాదు. బాగా ఎండిన చొప్పలోను, పాతర గడ్డిలోను విషం తగ్గుతుంది. విరుగుడుగా సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్‌లను పశువైద్యులు మాత్రమే నరానికి ఇవ్వాలి.

ధాన్యపు అజీర్తి: గింజలను గానీ, విందులలో మిగిలిన అన్నాన్ని గానీ ఒక్కసారిగా అధికంగా తిన్న పశువు పెద్ద పొట్టలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. నెమరు నిలిచిపోయి, పారుడు పట్టి, పశువు నీరసించి పడిపోతుంది. కొత్త దాణాను 10 నుండి 14 రోజులలో క్రమంగా పెంచాలి. శరీర పోషణకు ఇచ్చే దాణాకు అదనంగా, ఆవుకు ప్రతి 2.5 లీటర్ల పాలకు, గేదెకు ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో చొప్పున పూటలవారీగా ఇవ్వాలి.

కడుపు ఉబ్బరం: లేత లూసర్న్ వంటి పప్పుజాతి పచ్చిమేతను పరగడుపున మేపరాదు. ముందుగా ఎండుగడ్డి వేయాలి. ఎడమ డొక్క ఉబ్బినట్లు కనిపించిన వెంటనే పశువైద్యుని పిలవాలి.

అధికారులు గమనించవలసినవి: నాము అనుమానం ఉన్నచోట మిగిలిన పశువులను తక్షణమే ఆ చేను నుండి తప్పించాలి. సయనైడ్ త్వరగా ఆవిరైపోతుంది. కనుక శవపరీక్షలో సేకరించిన పొట్టలోని మేతను, కాలేయపు ముక్కను గాలి చొరని పాత్రలలో మూసి, చల్లబరచి, మేత నమూనాతో సహా ప్రయోగశాలకు పంపాలి. బీమా పరిహారానికి శవపరీక్ష నివేదిక ముఖ్య ఆధారం. నివేదిక రాకముందే కళేబరాన్ని పూడ్చివేసి, నమూనా లేకుండా పోతే, మరణ కారణం తేలదు, రైతుకు సాయమూ అందదు.

అత్యవసర పశువైద్య సేవలకు 1962 టోల్ ఫ్రీ సంఖ్యను సంప్రదించవచ్చును.