ఇంటెన్సివ్ కేర్ నర్సింగ్: చరిత్ర

ప్రాణాపాయంలో ఉన్న రోగిని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండి, ఊపిరి, నాడి, రక్తపోటు, స్పృహ, మూత్రం వంటి వాటిలో మార్పులను బట్టి రాబోయే ముప్పును పసిగట్టే నర్సింగ్ శాఖ ఇది. దీని చరిత్రను ఎక్కువగా యంత్రాల చరిత్రగా చెబుతుంటారు. మంచం పక్కనున్న నర్సుకు దక్కిన అధికారమే ఇందులో అంతకన్నా పెద్ద మలుపు.

ఆపరేషన్ అయినవారిని తేరుకునేదాకా పక్కనే చిన్న గదిలో ఉంచే అలవాటు ఇంగ్లండులోని చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో ఉందని 1863లో ఫ్లారెన్స్ నైటింగేల్ రాశారు. 1923లో బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, వాల్టర్ డాండీ మెదడు ఆపరేషన్ల రోగులకు మూడు పడకల విభాగం పెట్టి, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులను నియమించారు.

1952లో కోపెన్‌హాగెన్‌ను పోలియో కుదిపేసింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో యంత్రాలతో ఊపిరి అందించిన తొలి 31 మందిలో 27 మంది చనిపోయారు. ఆగస్టులో మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్, గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరితిత్తుల్లోకి గాలి పంపవచ్చని చూపారు. సంచి నొక్కడానికి వందలాది వైద్య విద్యార్థులు వంతులవారీగా కూర్చున్నారు. గొట్టంలో చేరే కఫం లాగెయ్యడం, పడక పుండ్లు పడకుండా రోగిని పక్కలకు తిప్పడం వంటివి నర్సులు చూసుకున్నారు. కొన్ని నెలల్లోనే మరణాల రేటు సగానికన్నా కిందికి దిగింది. మరుసటి ఏడాది ఇబ్సెన్ అదే నగరంలో ప్రారంభించిన విభాగాన్నే తొలి ఐసీయూగా చాలామంది లెక్కిస్తారు.

1962లో కాన్సాస్ సిటీలో హ్యూస్ డే గుండెపోటు రోగులకు ప్రత్యేక విభాగం తెరిచారు. ఫిలడెల్ఫియాలో లారెన్స్ మెల్ట్‌జర్, నర్సు రోజ్ పినియో అదే బాట పట్టారు. గుండె లయ తప్పితే చేతిలో ఉండేవి కొద్ది నిమిషాలే. డాక్టరు వచ్చేదాకా ఆగాలంటే నర్సు ఈసీజీ తెర మీద మరణాన్ని చూస్తూ నిలబడాల్సిందే. అందుకే నర్సులకు ఈసీజీ చదవడం నేర్పి, డాక్టరు లేకున్నా గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ వాడే అధికారమిచ్చారు. అప్పటి ఆసుపత్రుల పద్ధతికి ఇది మింగుడుపడని సంగతే. అయితే 1967లో న్యూయార్క్ వైద్యులు కిలిప్, కింబాల్ ప్రకటించిన లెక్కలో, ఇలాంటి విభాగం వచ్చాక షాక్‌లోకి (రక్తప్రసరణ కుప్పకూలే స్థితిలోకి) వెళ్లని రోగుల మరణాలు 26 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి.

ఆ తర్వాత నర్సు చేతికి కొత్త కొలమానాలూ అందాయి. స్పృహను అంకెల్లో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు 1974లో వచ్చింది. జపాన్‌లో అదే దశకంలో తకువో అవోయాగి రూపొందించిన, రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచే పల్స్ ఆక్సీమీటర్ తర్వాత ప్రతి పడకకూ చేరింది.

గుండె ఆగిపోయే ముందు చాలామంది రోగుల్లో గంటల తరబడి సూచనలు కనిపిస్తాయని 1990లలో తేలడంతో చూపు మామూలు వార్డులవైపు మళ్లింది. బ్రిటన్‌లో 2012లో వచ్చిన ‘న్యూస్’ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) నాడి, శ్వాస, రక్తపోటు, ఆక్సిజన్, శరీర ఉష్ణోగ్రత, స్పృహలకు మార్కులు వేస్తుంది. వీటిలో తరచూ నిర్లక్ష్యానికి గురయ్యేది నిమిషంపాటు ఓపిగ్గా లెక్కపెట్టాల్సిన శ్వాసే. మొత్తం 7 లేదా ఆపైన ఉంటే నర్సే నేరుగా అత్యవసర బృందాన్ని పిలవవచ్చు.