చద్దిమూట నుండి స్టీలు డబ్బా వరకు



కార్తీకమాసంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనం చేసినవారందరికీ ఆ రోజు చివరి ఘట్టం గుర్తుండే ఉంటుంది. విస్తళ్ళు ఎత్తివేసిన తరువాత గిన్నెల మూతలు తీసి, మిగిలినది ఎవరి ఇంటికి ఎంత అని పంచుకుంటాము. "ఇంట్లో చెల్లెమ్మకు కూడా పట్టుకెళ్ళు" అంటూ డబ్బాలో కుక్కి మరీ ఇస్తాము. పాత స్నేహితుల నడుమ ఈ పంపకానికి భోజనమంత విలువ ఉంది. ఈ ఆచారం వెనుక ఉన్న చరిత్రను, అందులో మనం మరచిపోయిన ఒక జాగ్రత్తను నేడు మీ ముందు ఉంచదలచాను.

మిగులు భోజనాన్ని మిత్రులతో పంచుకోవడం మన సాహిత్యంలో గౌరవప్రదమైన స్థానం పొందిన విషయం. పదిహేనవ శతాబ్దంలో పోతన తెలుగు చేసిన భాగవతం దశమస్కంధంలో బాలకృష్ణుడు గోపబాలురతో యమునాతీరాన కూర్చుని చల్ది ఆరగిస్తాడు. చల్ది అంటే రాత్రి మిగిలిన అన్నం, మన చద్దన్నం. ఆయన ఎడమచేతిలో పెరుగు కలిపిన ముద్ద ఉంటుంది, వేళ్ళ సందులలో ఊరగాయలు ఉంటాయి. అదే స్కంధంలో కుచేలుడు చిన్ననాటి నేస్తాన్ని చూడబోతూ కొంగున కట్టుకొని వెళ్ళినవి అటుకులు.

ఈ రెండు మూటలను వైద్యుని దృష్టితో పరిశీలించండి. మొదటిది పుల్లనిది, రెండవది పొడిది. పులుపులోనూ, తడి లేని చోటనూ హానికర సూక్ష్మజీవులు సులభంగా పెరగలేవు. మన పెద్దలు అన్నంలో నీళ్ళో, గంజో పోసి, కొంచెం మజ్జిగ కలిపి ఉంచినప్పుడు లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు వృద్ధిచెంది ఆ అన్నాన్ని పులియబెట్టేవి. ప్రయాణానికి చింతపండు పులిహోర, చెక్కలు, జంతికలు, సున్నుండలు కట్టడంలోనూ ఇదే సూత్రం ఉంది. సూక్ష్మజీవుల పేర్లు తెలియని కాలంలో అనుభవమే వారికి ప్రయోగశాల.

మరి నేటి మన డబ్బాలలో ఏమున్నది? గత కార్తీకంలో మా వైద్య కళాశాల సహాధ్యాయులం పదిమందిమి ఒక తోటలో కలుసుకున్నాము. అందరమూ డెబ్బై దాటినవారమే. ఒక మిత్రుని ఇంట ఉదయం పది గంటలకు వండిన కూరగాయల బిర్యానీ సగం మిగిలింది. మూతపెట్టిన పెద్ద గిన్నెలోనే అది సాయంత్రం ఐదు వరకు ఉన్నది. పంచేటప్పుడు నాకు సందేహం కలిగింది. కాని వండి తెచ్చిన తల్లి మనసు నొచ్చుకుంటుందేమోనని నోరు మెదపలేదు. ఆ రాత్రి పదకొండు గంటలకు ఒక మిత్రుడు ఫోను చేశాడు. "పొగలు కక్కేలా వేడిచేసే తిన్నానురా, మూడు గంటలు తిరగకముందే ఒకటే వాంతులు" అన్నాడు. అతడు మధుమేహ రోగి. రెండు రోజులు ఆసుపత్రిలో సెలైను ఎక్కించవలసి వచ్చింది. ప్రయోగశాలలో కారణం నిర్ధారించలేదు గాని, ఆహారమూ, లక్షణాలూ, వ్యవధీ చూస్తే నా అనుమానం ఒకే సూక్ష్మజీవి మీదకు పోయింది. దాని పేరు బాసిల్లస్ సీరియస్.

దీనిని 1887లోనే ఒక గోశాల గాలిలో గుర్తించారు. అయితే అది మనిషికి చేసే హాని చాలాకాలం స్పష్టపడలేదు. 1947 తరువాత నార్వే రాజధాని ఓస్లోలో వెనిల్లా సాస్ తిన్న వందలాది మందికి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ సాస్‌ను ముందురోజే వండి, పెద్ద పాత్రలలో గది వేడిమిలో ఉంచారు. స్టైనార్ హౌగె అనే శాస్త్రజ్ఞుడు అందులో ఈ బాక్టీరియాను కనుగొని, దానిని తాజా సాస్‌లో పెంచి తానే తాగాడు. సుమారు పదమూడు గంటల తరువాత ఆయనకూ అదే బాధ మొదలైంది.

బియ్యం తినే మనకు మరింత దగ్గరి పాఠం బ్రిటన్ నుండి వచ్చింది. 1971 నుండి అక్కడి చైనీస్ హోటళ్ళలో ఫ్రైడ్ రైస్ తిన్నవారు కొద్ది గంటలలోనే వాంతులతో బాధపడిన ఉదంతాలు వరుసగా బయటపడ్డాయి. వంటవారు అన్నాన్ని పెద్దమొత్తంలో ఉడికించి, చల్లని పెట్టెలో పెడితే ముద్దకడుతుందని బయటే ఉంచేవారు. అడిగినప్పుడల్లా కొంత తీసి పెనంలో వేయించి ఇచ్చేవారు. ఈ బాక్టీరియా బీజకణాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చని అన్నంలో అవి మొలకెత్తి, పెరిగి, సెరియులైడ్ అనే విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం 126 డిగ్రీల సెల్సియస్ వద్ద తొంభై నిమిషాలు ఉంచినా నశించదు. మన పొయ్యి మీద మళ్ళీ వేడిచేయడం దానికి ఏపాటి? నా మిత్రుని ఆహారాన్ని పొగలు కక్కే వేడి రక్షించలేకపోవడానికి ఇదే కారణమై ఉండవచ్చు.

కనుక "వేడిచేస్తే సరిపోతుంది" అనే నమ్మకాన్ని దయచేసి విడిచిపెట్టండి. వండిన ఆహారం గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉండరాదు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు గంటకు మించరాదు. పంచదలచినది భోజనం ముగిశాక కాక, వడ్డనకు ముందే వేరుగా తీయండి. పెద్ద గిన్నె నడుమ వేడి గంటల తరబడి నిలుస్తుంది కాబట్టి వెడల్పు పళ్ళెంలో పలుచగా పరచి త్వరగా చల్లార్చి, మంచుపెట్టెలో పెట్టి తీసుకువెళ్ళండి. అది వీలుకానప్పుడు చక్కగా పులుపు పట్టిన పులిహోరనో, పొడి పిండివంటలనో పంచండి. వయసు మళ్ళినవారు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వాంతుల వలన నీరు కోల్పోతే త్వరగా నీరసించిపోతారు. అట్టివారు ఓఆర్ఎస్ తాగుతూ, ఆలస్యం చేయకుండా వైద్యుని కలవాలి.

ఈ జాగ్రత్తలు చెప్పి పాత స్నేహాలకు దూరం పెంచాలని నా ఉద్దేశం కాదు. ఆ రోజు నేను మర్యాదకు పోయి మౌనం వహించాను. ఆ మౌనానికి నా మిత్రుడు రెండు రోజులు మూల్యం చెల్లించాడు. కోలుకున్నాక అతడు నన్ను ఒకే ప్రశ్న అడిగాడు, "నీకు తెలిసి కూడా చెప్పలేదేమిరా?" అని. దానికి నా వద్ద సమాధానం లేదు. మీకు అటువంటి ప్రశ్న ఎదురుకాకూడదు. ఈ కార్తీకంలో మేము మళ్ళీ కలుస్తున్నాము. మిగిలినవి పంచుకోవడం మానలేదు. ఈసారి డబ్బాలలో అటుకులూ, పులిహోరా ఉంటాయి. గడియారం చూసి చెప్పే బాధ్యత నాది.