కుతుబ్‌షాహీ వంశం: హమదాన్ నుంచి గోల్కొండకు

కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 వరకు గోల్కొండ కేంద్రంగా తెలుగు నేలను ఏలారు. వంశమూలం పశ్చిమ ఇరాన్‌లోని హమదాన్, కుర్దుల సీమకు ఆనుకున్న చోటు. స్థాపకుడు సుల్తాన్ కులీ కారా కొయున్లు తుర్కమాన్ తెగవాడు. 1467లో ప్రత్యర్థి తెగ అక్ కొయున్లుల చేతిలో కారా కొయున్లుల ప్రభువు జహాన్‌షా హతుడయ్యాక ఆ కుటుంబానికి అక్కడ నిలువనీడ లేకపోయింది. యువకుడైన సుల్తాన్ కులీ బీదరు చేరి బహమనీ సుల్తానుల కొలువులో కుదిరాడు.

కుతుబ్-ఉల్-ముల్క్ బిరుదు పొంది, తెలంగాణ తరఫ్‌దారుగా (ప్రాంత పాలకుడిగా) గోల్కొండలో స్థిరపడ్డాడు. 1518లో స్వతంత్రుడయ్యాడని వాడుక. రాజచిహ్నాల కోసం అతను పెద్దగా తొందరపడలేదు. అధికారం ఎలాగూ చేతిలోనే ఉంది. వృద్ధాప్యంలో, 1543లో, కొడుకు జంషీద్ పురమాయించిన హంతకుడి చేతిలో చనిపోయాడు.

అన్న జంషీద్‌కు భయపడి తమ్ముడు ఇబ్రహీం విజయనగరం పారిపోయాడు. అక్కడి పాలకుడు అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపాడు. వంశ చరిత్రను మలుపు తిప్పినవి ఈ ఏడేళ్లే. తెలుగు మాటా, తెలుగు సాహిత్యమూ అతనికి సొంతమయ్యాయి. 1550లో జంషీద్ మరణించాక, గోల్కొండ కోటను కాచే నాయకవారీలు ఇబ్రహీం పక్షం వహించారు. కోటలో బలం వారిదే కాబట్టి గద్దె ఇబ్రహీందైంది. కవులు అతన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. అయినా 1565లో, తనకు అన్నం పెట్టిన రామరాయలపైనే తక్కిన దక్కన్ సుల్తానులతో కలిసి కత్తి దూశాడు. రాజ్యరక్షణ ముందు కృతజ్ఞత నిలవలేదు.

ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ 1591లో హైదరాబాదును నిర్మించాడు. తరువాత సుల్తాన్ అబ్దుల్లా కాలానికి మచిలీపట్నం ఓడరేవు, కొల్లూరు వజ్రాల గనులు ఖజానా నింపుతున్నాయి. ఆ సంపదే మొఘలుల కన్ను పడేలా చేసింది. 1636లో షాజహాన్‌కు లొంగి, ఏటా రెండు లక్షల హొన్నుల కప్పం కట్టేందుకు అబ్దుల్లా ఒప్పుకున్నాడు.

చివరివాడు అబుల్ హసన్ తానీషా 1672లో గద్దెనెక్కాడు. మాదన్నను ప్రధానిగా నియమించి, అతని అన్న అక్కన్నకూ పెద్ద కొలువిచ్చాడు. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చి తానీషాతో ఒడంబడిక చేసుకున్నాడు. ఈ పొత్తు ఔరంగజేబుకు కంటగింపైంది. దర్బారులో వర్గాలు కక్షకట్టి 1686లో అన్నదమ్ములిద్దరినీ వీధిలోనే నరికించాయి. ఆ హత్యలతో మొఘలులు చల్లబడతారన్న ఆశ వమ్మైంది.

మరుసటి ఏడాది ఔరంగజేబు గోల్కొండ ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. వానలు, వ్యాధులు, తిండిగింజల కరువు మొఘల్ సేననూ పీడించాయి. ఫిరంగులు సాధించలేనిది లంచం సాధించింది: సెప్టెంబరులో కోటలోని సేనాని అబ్దుల్లా ఖాన్ పన్నీ కోట తలుపు తెరిచాడు. తానీషా సేనాని అబ్దుర్రజాక్ లారీ మాత్రం ఒళ్లంతా గాయాలయ్యేదాకా పోరాడాడు. అతని తెగువ మెచ్చి ఔరంగజేబే చికిత్స చేయించాడు. తానీషాను దౌలతాబాద్ కోటలో బంధించారు. మరణించేవరకు అక్కడే ఉన్నాడు. గోల్కొండ రాజ్యం మొఘల్ సుబాగా మారింది. 1724లో అది అసఫ్‌జాహీల చేతికి వచ్చింది.