ఆదోని ముట్టడి, కుటుంబ తరలింపు (1786)

1786లో టిప్పు సుల్తాన్ ఆదోని కోటను ముట్టడించాడు. కోట అప్పుడు హైదరాబాదు పాలకుడు నిజాం అలీఖాన్ సోదరుడు బసాలత్ జంగ్ కొడుకు మహబత్ జంగ్ ఏలుబడిలో ఉండేది. నిజాం వంశపు స్త్రీలు లోపలే చిక్కుకుపోయారు. టిప్పు సేనలు చేసిన దాడి ఫలించలేదు. ఇంతలో హైదరాబాదు, మరాఠా సేనలు కోట సాయానికి రావడంతో టిప్పు ముట్టడి ఎత్తేశాడు.

అప్పుడు సాయానికి వచ్చిన సేనానులు తీసుకున్న నిర్ణయం మెచ్చదగ్గది. వానలకు తుంగభద్ర పొంగితే వెనక్కి దారి ఉండదు. కోటను నిలబెట్టుకోవాలా, మనుషులను గట్టెక్కించాలా అన్నచోట వారు మనుషులనే ఎంచుకున్నారు. సైన్యం కాపలాలో నిజాం కుటుంబాన్ని నది దాటించి రాయచూరు చేర్చారు. వదిలేసిన కోట టిప్పు వశమైంది. ఆయన దాని గోడలు పడగొట్టించి, ఫిరంగులను గుత్తికి తరలించాడు.

ఆ కుటుంబీకులు శత్రువు చేతికి చిక్కకముందే బయటపడ్డారు కనుక దీన్ని అచ్చమైన బందీల విడుదల అనలేం. అయినా ప్రాణాలకే మొదటి స్థానం అన్నదే బందీలను విడిపించే నేటి ఎన్‌ఎస్‌జీ (1984లో ఏర్పడింది), ఆక్టోపస్ (2007లో ఏర్పడింది) వంటి కమాండో దళాల సూత్రం కూడా. అయితే ఇలాంటి దాడుల్లో బందీల్లో సాయుధులు కలిసిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే విడిపించినవారిని కూడా చేతులు కనపడేలా ఉంచమని చెప్పి, సోదా చేసి, ఎవరో తేలాకే వైద్యులకు అప్పగిస్తారు.