దశబంధము – చెఱువుల సంరక్షణము

కడప మండలమున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు సీమలు నల్లరేగడికిఁ బ్రసిద్ధములు. పులివెందుల సీమకు పాపాఘ్ని ఆధారము. వాన యరుదైన యీ నేలలో, కురిసినప్పుడు మాత్రము వంకలు పొంగి గెనిమలను, బండ్లబాటలను కోసికొనిపోవును. కావున నీటిని నిలుపుటయు, మిగులు నీటిని మరవగుండ సాగనంపుటయు నొక్క కార్యమే.

ఈ విషయమున నదే మండలమందలి పోరుమామిళ్ల శాసనము (శా.శ. 1291, క్రీ.శ. 1369) ప్రమాణము. బుక్కరాయల కుమారుఁడు భాస్కర భవదూరుఁడు కట్టించిన చెఱువును గూర్చిన యీ సంస్కృత శాసనము చెఱువునకుఁ బండ్రెండంగములను, ఆఱు దోషములను చెప్పుచున్నది. కట్ట కాఱుట, చౌటినేల మొదలగువానితోపాటు రెండు రాజ్యముల పొలిమేర నుండుటయు దోషమే. కట్ట యెంత గట్టిదైనను, పూడిక తీయు బాధ్యుఁ డెవఁడో తేలనిచోఁ జెఱువు నిలువదని దీని భావముగా మేము తలంచుచున్నాము.

ఈ లోటును తీర్చిన యేర్పాటు దశబంధ మాన్యము. చెఱువును కట్టినవానికో బాగుచేసినవానికో భూమి నొసఁగి, సంరక్షణభారము నాతనిపై నుంచిరి. 1800లో దత్తమండలములు కుంపిణీ వశమైన పిమ్మటను ఈ మాన్యములు నిలిచినవి. కాని మాన్యము వారసులలో ముక్కలైనచో హక్కు మిగులును, పని మిగులదు. కావున శాసనములలో దశబంధమును దానముగనే గాక, మరమ్మతు ఒడంబడికగను పరిశోధకులు చదువవలసియున్నది.